మంట తెలియని నాలుక

దంపుడుసాల గుమ్మంలో నిలబడి భటుడు గుండప్ప చెప్పినవి అక్షరాలా రెండే మాటలు. "రాజుగారికి కాటు." కోట దిడ్డి తలుపు నుంచి ఏటిగట్టు దాకా ఒక్క ఊపున పరుగెత్తి వచ్చాడు కాబట్టి మూడో మాటకి ఊపిరి చాలలేదు. గుమ్మం పట్టుకుని వంగిపోయాడు.

లోపల ఎనిమిది రోళ్ళలో పదహారు రోకళ్ళు లేచిపడుతున్నాయి. ఎండుమిరప దంచేచోట మనుషులకి ముఖాలుండవు. ముక్కూ నోరూ చెవులూ కలిపి తడిగుడ్డ బిగించుకుంటారు. కళ్ళు మాత్రం గూట్లోంచి గువ్వల్లా తొంగిచూస్తుంటాయి. ఆ గుడ్డ మడతలు దాటి, ఆ రోకళ్ళ మోత దాటి దంపుళ్ళ పెద్ద ఓబులక్క చెవిలో పడ్డది "రాజుగారికి ఘాటు" అని.

ఓబులక్క గుండె రోట్లో పడింది.

పడదా మరి. మూడు నెలల కిందట తామ్రగిరి రాజ్యానికి శీతలస్వామి అనే కొత్త రాజవైద్యుడు వేంచేశాడు. వచ్చీ రాగానే రాజు శోణవర్మ నాడి పట్టుకుని పైత్యం ప్రకోపించిందన్నాడు. ఆ పూట నుంచి కోటంతా చప్పిడి పథ్యం. తరతరాలుగా కోటలోపలే ఉన్న దంపుడుసాలని, ఊరివాళ్ళకే దంచుకోమని ఏటిగట్టుకి వెళ్ళగొట్టించాడు. మిరపఘాటు గోడ దాటి లోపలికొస్తే దంచిన చేతిని మణికట్టు దగ్గర నరికిస్తానని దండోరా వేయించాడు. కారానికి ఇంతటి తిరస్కారం ఆ దేశంలో ఏనాడూ జరగలేదు. అయినా మంత్రి నోరెత్తలేదు, సేనాపతి మీసమెత్తలేదు. ఉప్పూకారం తింటున్న ఒళ్ళయితే రోషం వచ్చేదేమో. తింటున్నది పథ్యం కదా.

ఆ మధ్యాహ్నమే గాలి తిరిగి ఏటి మీంచి కోటవైపు కొడుతోంది.

"ఆపండే," అంది ఓబులక్క ముక్కుగుడ్డ లాగేసి. "గాలి కోట మీదికి మళ్ళినట్టుండాది. ఘాటు పోయి రాజుగారికి కొట్టింది. ఇంక మన చేతులు మనయి కావు."

"నరికేది కుడిచెయ్యా, ఎడమచెయ్యా అక్కా?" అంది సుంకులు. రెండు చేతులా రోకలి మార్చి దంచగలదని ఆమెకి పేరు.

"ఏది ముందు దొరికితే అది. దంచిన ఆనవాలు లేకుండా చేద్దారి, లెయ్యండి."

రోళ్ళ మీద తడి గోనెలు పడ్డాయి. దంచిన పొడి కుండల్లోకి, కుండలు ఇసకలోకి పోయాయి. పదహారుమందీ ఏట్లోకి దిగి చేతులకి మజ్జిగ రాసుకుని, ఒంటికి శనగపిండి రుద్దుకుని, నెత్తిన మూడేసి ముంతలు గుమ్మరించుకుని, బట్టలు మార్చుకుని గట్టెక్కారు. గుండప్ప ఈలోపు ఎవరో ఇచ్చిన మజ్జిగ తాగి, ఊపిరి తీసుకుని తలెత్తాడు. తలలు తడిసిన పదహారుమంది ఆడవాళ్ళని చూశాడు. చూసి బావురుమన్నాడు.

"అప్పుడే స్నానాలు చేసేశారా అక్కా? రాజుగారింకా పోలేదు గదా."

"ఘాటుకి ఎవడన్నా పోతాడంట్రా, నీ నోరు పడ."

"ఘాటేంది? కాటు. పాము కాటు. పొద్దున పక్క దిగుతుంటే కరిచింది. రెండు చిటికెలు అయిపోయినాయి. మూడో చిటికెకి నువ్వే రావాలంట. ఆ మాటే గదా నేను వచ్చీ రాగానే చెప్పింది."

ఓబులక్క చేతిలోని ముంత రాయి మీద పడి దొర్లింది. ఒక్క వత్తు బరువు తేడాతో గడియన్నర పొద్దు ఏట్లో కలిసిపోయింది. తడి జుట్టు ముడేసుకోకుండానే ఆమె కోటవైపు పరుగు తీసింది.

తామ్రగిరిలో ఓబులక్క రాజుగారి దంపుళ్ళకి పెద్ద. అంతకంటే పెద్ద, రాజుగారికి పాలిచ్చిన తల్లి. కన్న తొమ్మిదో రోజున మహారాణి కన్నుమూస్తే, పసివాణ్ని ఒళ్ళో వేసుకుని రెండున్నరేళ్ళు పాలిచ్చింది. కారం చేతులని ఎవరో ముఖం చిట్లిస్తే, పాలిచ్చిన ప్రతిసారీ ముందు మూడుమార్లు మజ్జిగతో కడుక్కునేది. ఆమె మమకారంలో చివరి సగం కారమేనని నగరంలో అంటారు. శోణవర్మకి ఇప్పుడు ఇరవై రెండేళ్ళు. సభలో ఆమెని "ఓబులక్కా" అంటాడు, చాటున "అమ్మా" అంటాడు.

ఆ కోట చూడవలసిన కోట. ఎర్రరాతి కొండని ఏడు మడతలుగా చెక్కి కట్టిన ఏడు ప్రాకారాలు. ఒక్కొక్క ప్రాకారానికి ఏనుగు తొండాల్లాంటి బురుజులు. బురుజు బురుజుకీ రాగిరేకు తొడిగిన శిఖరాలు. మాఘంలో మిరప ఆరబోసినప్పుడు కొండ ఏదో, కల్లం ఏదో తెలియక ఆకాశంలో పోయే కొంగలు దారి తప్పేవి. ఇప్పుడా ఆరబోతలు లేవు. రాయి మాత్రం మిగిలి, నెత్తురు ఇంకిన గాయంలా కనిపించింది ఓబులక్కకి. ఆమె, వెనకే గుండప్ప దిడ్డి తలుపు దాటగానే గడియ పడింది.

"పొద్దు గుంకే దాకా చీమ కూడా బయటికి పోకూడదంట. వైద్యులవారి ఆజ్ఞ," అన్నాడు కావలివాడు.

సభామంటపం నడుమ పట్టెమంచం మీద శోణవర్మ పడుకుని ఉన్నాడు. ఎడమ పిక్కకి ఆకుపసరు కట్టు బిగించి ఉంది. తలవైపున ముసలి మంత్రి శ్రుతధరుడు, కాళ్ళవైపున జానెడు మీసాల సేనాపతి రణభేరుండుడు. పక్కన తెల్లపట్టు కట్టి, చందనం పూసుకుని, కర్పూరం చుట్టిన దూదిని ముక్కు దగ్గర ఆనించుకుని శీతలస్వామి. నీడపట్టున ఉంచిన కుండలా ఉంటాడాయన. ముట్టుకుంటే చల్లగా ఉంటుంది. లోపల ఏముందో కనబడదు.

"వచ్చావా ఓబులూ," అన్నాడు శ్రుతధరుడు. "శాసనం నీకు తెలియనిది కాదు. అయినా చదవాలి కాబట్టి చదువుతాను."

తామ్రగిరిలో పాము కరిచినవాడికి మూడు చిటికెల పరీక్ష పెడతారు. పొద్దున ఒకటి, మిట్టమధ్యాహ్నం ఒకటి, పొద్దు వాలాక ఒకటి, నాలుక మీద చిటికెడేసి కారం వేస్తారు. మంట తెలిస్తే విషం ఎక్కలేదన్నట్టు. మూడు చిటికెలకీ నాలుక పలక్కపోతే విషం తలకెక్కినట్టు. అలా ఎక్కినవాడు, రాజైనా పేదైనా, పొద్దు గుంకేలోగా ప్రాణంతోనే, కోట అడుగున నాగులు కాపురముండే నాగబిలంలో దిగాలి. పూర్వం ఒక రాజుని ప్రేమకొద్దీ దించకుండా ఉంచుకుంటే, ఆయన ఆఖరి ఊపిరి తగిలి కోటలో మూడువందల మంది నల్లబడి రాలిపోయారట. మూడో చిటికెని మాత్రం సభ కళ్ళముందే, దంపుళ్ళ పెద్ద తన చేత్తో దంచాలి. పొరపాటుకి తావుండకూడదని పెద్దలు పెట్టిన నియమం.

ఓబులక్క మంచం పక్కన కూలబడి గొంతు తగ్గించింది. "ఏం నాయనా, నిజంగానే మంట లేదా?"

"లేదమ్మా. రెండుసార్లూ పిండి నాకినట్టుంది." శోణవర్మ నవ్వబోయాడు, అది పెదవి సగం దాకా వచ్చి ఆగిపోయింది. "దాంతోపాటు ఆకలి కూడా వేస్తోంది. విషానికి ఆకలుంటుందా?"

"ఉండదయ్యా. ఉండకూడదు," అంది గానీ ఆమెకేమీ తెలియదు.

రాజభాండారంలోంచి మిరప బస్తా తెచ్చి దించారు. మూతి మీద రాజముద్ర చెక్కుచెదరలేదు. ఓబులక్క ముద్ర పగలగొట్టింది. కాయలు నిగనిగలాడుతున్నాయి, కంసాలి కొలిమిలోంచి తీసినట్టు. రోజూ అయితే చేతులకి నూనె రాసుకునేది, ముక్కుకి గుడ్డ కట్టుకునేది. ఇవాళ రెండూ మరిచిపోయింది. రోట్లో గుప్పెడు కాయలు పోసి రోకలి ఎత్తింది.

దంచుతుంటే కళ్ళు ధారలు కట్టాయి. బొట్లు చుబుకం మీంచి రోటి అంచున పడుతున్నాయి. సభలోవాళ్ళు ఘాటనుకున్నారు. ఓబులక్కా ఘాటేననుకుంది. ముప్ఫై ఏళ్ళుగా దంచే మనిషికి కళ్ళు కారడం చేతులు కదిలినంత మామూలు. ఏ నీరు ఏ కారణానికో, ఏ నీరు ఏ కారానికో ఆ క్షణాన వేరుచేసి చూసుకునే స్థిమితం ఎక్కడుంది?

జల్లెడ పట్టి, చిటికెడు తీసి, తను పాలు పట్టిన నోట్లో తన చేత్తోనే వేసింది.

శోణవర్మ నాలుకని అంగిటికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. ఇరవై దాకా లెక్కపెట్టాక ఆయన కళ్ళు తెరిచాడు.

"మంటగా ఉంది," అన్నాడు.

శ్రుతధరుడు అద్దం తెచ్చి ఆయన ముఖం ముందు పెట్టాడు. నుదుట చెమట లేదు, కంట తడి లేదు, చెవి ఎర్రబడలేదు. "ప్రభూ," అన్నాడు మంత్రి, తనే ఏడుస్తూ, "అబద్ధానికి చెమట పట్టదు."

శోణవర్మ తల వాల్చుకున్నాడు.

తరువాత అంతా చకచకా జరిగిపోయింది. శాసనం ప్రకారం రాజముద్రిక రాజు వేలి నుంచి తీసి, పరీక్ష చేసిన వైద్యుడి వేలికి తొడిగారు. కొత్త రాజు వచ్చేదాకా అది ఆయన దగ్గరుండాలి. రాజు యుద్ధానికి వెళ్ళే రథాన్నే తెప్పించారు, దాని మీదే మంచం ఎక్కించారు. శంఖం ఒకటి ఊదారు. మంగళవాద్యం కాదు కనుక సగంలో ఆపారు. పడమటి ప్రాకారం కింద నాగబిలం. దాని మీద సూర్యుడు రెండు బారల ఎత్తున ఉన్నాడు. రథం కదిలింది. వెనక జనం, జనం వెనక హాహాకారం. చిత్రమేమిటంటే ఆ కోటలో మూడు నెలలుగా ఎవరి నోటనైనా వినబడిన కారం అదొక్కటే.

ఖాళీ అయిన సభలో రోటి పక్కన ఓబులక్క ఒక్కతే మిగిలింది. కుడి అరచెయ్యి ఎత్తి రెండు కళ్ళూ గట్టిగా తుడుచుకుంది.

తుడుచుకున్నాక గుర్తొచ్చింది, దంచిన చెయ్యి.

దంపుళ్ళలో చేరిన పిల్లకి మొదటిరోజు నేర్పే మొదటి పాఠం అది. దంచిన చెయ్యి కంటికి తగలకూడదు. తగిలితే ఆ పూటకి దంపుడూ లేదు, తిండీ లేదు, నిద్రా లేదు. ఓబులక్క పళ్ళు బిగించి, కొంగు పిడికిట పట్టుకుని, రాబోయే మంట కోసం సిద్ధంగా కూర్చుంది.

మంట రాలేదు.

ఇంకాసేపు చూసింది. కన్ను చల్లగా, హాయిగా, ఏటి ఒడ్డున ఉన్నట్టే ఉంది.

"ఓరి దేవుడా, నన్నెప్పుడు కరిచింది?" అంటూ చీర అంచు పైకెత్తి రెండు పాదాలూ, పదివేళ్ళ సందులూ వెతుక్కుంది. గాటు లేదు. అప్పుడే రోలు తీయించడానికి సేనాపతి రణభేరుండుడు తిరిగొచ్చాడు. ఓబులక్క లేచి, రోట్లోంచి గుప్పెడు కారం తీసి ఆయన ముఖాన కొట్టింది.

రణభేరుండుడు కత్తి మీద చెయ్యి వేశాడు. కళ్ళు ఆర్పాడు, తెరిచాడు. మీసాలు ఎర్రగా మెరిశాయి. అంతకు మించి ఏమీ కాలేదు.

"ఏమిటిది ఓబులూ? నేనేమన్నా పెళ్ళికొడుకునా, వసంతం చల్లడానికి?"

"తుమ్మొచ్చిందా సామీ?"

"రాలేదు."

"కళ్ళు?"

"బాగానే ఉన్నాయి. నువ్వు బాగున్నావా?"

ఓబులక్క కాయ తీసి కొరికింది. ఎండుగడ్డి నమిలినట్టుంది. ఇంకోటి కొరికింది. గింజలతో సహా నమిలి ఉమ్మింది. ఉమ్ము ఎర్రగా పడింది, నాలుక మాత్రం చప్పగానే ఉంది.

"ఇది మన మిరప కాదు," అంది నెమ్మదిగా. "రంగుమిరప. పొరుగుదేశం ధూమ్రకోట బాడవల్లో బట్టలకి రంగెయ్యను పండిస్తారు. చూపుకి నిప్పు, నోటికి నీళ్ళు. ఇంత దంచితే నిండు సభలో ఒక్క తుమ్ము లేదే, నాకప్పుడే ఎందుకు తట్టలేదు? నా కంటినీళ్ళు ఘాటువనుకున్నాను సామీ. ఏడుస్తుండా, ఏడుస్తున్నట్టు నాకు తెలియలా."

రణభేరుండుడి నోరు తెరుచుకుంది. అది మూసుకునేలోపే ఓబులక్క గుమ్మం దాటింది.

రథం నాగబిలం దగ్గర ఆగి ఉంది. బిలం అంటే చిన్న గొయ్యి కాదు; పది ఏనుగుల్ని ఒక్కసారి మింగగల నల్లని నోరు. అంచు చుట్టూ రాతిలో చెక్కిన పడగలు, పడగల మీద తరతరాల పసుపు, లోపలినుంచి ఎప్పుడూ వచ్చే తడి చల్లదనం. సూర్యుడు ఒక బార దిగాడు. పగ్గాలు కట్టిన ఊయల మీదికి శోణవర్మని మార్చడానికి భటులు మంచం కోళ్ళు పట్టుకున్నారు.

"ఆగండి," అంది ఓబులక్క రొప్పుతూ. "ఆ కారంలో కారం లేదు. అయ్యకి విషం ఎక్కలేదు."

జనం జాలిగా దారిచ్చారు. "పాలిచ్చిన తల్లి, మతి చలించింది పాపం," అందొక ముసలమ్మ.

ధూపపళ్ళెం పట్టుకుని మంత్రాలు చదువుతున్న శీతలస్వామి తల తిప్పాడు. "మూడో చిటికె ఎవరు దంచారు?" అన్నాడు చల్లగా.

"నేనే."

"బస్తా ముద్ర ఎవరు విప్పారు?"

"నేనే."

"అయితే కారం కల్తీ అన్నావంటే కల్తీ చేసింది నువ్వే అవుతావు. కల్తీ కాదన్నావంటే రాజు దిగాలి. నీ చెయ్యి కావాలా, నీ రాజు కావాలా?"

"చెయ్యి తర్వాత తీసుకో. ఈ లోపల దాంతో నాకు పనుండాది," అంది ఓబులక్క.

అన్నది గానీ నిజమైన కారం చిటికెడు కావాలి. దంచినదంతా ఏటిగట్టున ఇసకలో ఉంది. కోట తలుపులన్నీ మూసేశారు. ఒంటి మీదున్న చీర ఉతికినది, చేతులు మజ్జిగతో కడిగినవి. గోరు సందున కూడా ఒక్క గింజ లేదు. భాండారంలో మిగతా బస్తాలనీ నమ్మలేదు. మూడు నెలల పథ్యం కోటలో వంటింటి అటక మీద కూడా మిరప తొడిమ మిగల్చలేదు. సూర్యుడి అంచు ప్రాకారాన్ని తాకింది. ఖాళీ ఊయల పగ్గాలు బిగించారు.

రథం నొగకి ఏదో వేలాడుతూ ఆమె కళ్ళబడింది. దిష్టికి కట్టిన దండ. వడిలిన నిమ్మకాయ, దాని కింద ఏడు మిరపకాయలు. కిందటేడు రాజు దండయాత్రకి వెళ్ళేముందు కట్టినది. ఎండి, ముడుచుకుని, నల్లబడి ఉన్నాయి. దిష్టిదండని విప్పకూడదు, తాకకూడదు, అదే రాలిపోవాలి. దాని మీద పడ్డ కళ్ళన్నీ తాకినవాళ్ళ మీద పడతాయి. అందుకే రథం తుడిచేవాళ్ళు కూడా దాని పక్కనుంచి ఒదిగి తుడుస్తారు. కోటలో గడప గడపా గాలించిన శీతలస్వామి దాన్ని చూసి కూడా చూడలేదు. తోరణమనుకున్నాడు కాబోలు. పరాయిదేశపు మనిషి.

ఓబులక్క నొగ మీదికెక్కి చెయ్యి చాపింది.

"వద్దు ఓబులూ," అన్నాడు శ్రుతధరుడు. "ఒక యుద్ధం దిష్టి అది. పదివేల కళ్ళు."

"నా కళ్ళు రెండూ ఇప్పటికే చల్లగుండాయి మంత్రిగారూ. కాస్త మండనీండి," అని దండ పుటుక్కున తెంపింది.

జనం పది అడుగులు వెనక్కి పోయారు. భటులు మంచం కోళ్ళు వదిలేశారు. ఓబులక్క మూడు కాయలు అరచేతుల మధ్య పెట్టి నలిపింది. నలుపుతుండగానే చేతులకి సెగ తగిలింది. అబ్బ, చుట్టం వచ్చినట్టుంది. ఆ పొడి చిటికెడు తీసి శోణవర్మ నాలుక మీద వేసింది.

ఒకటి. రెండు. ఏమీ లేదు. మూడు. కాయ మరీ పాతదైపోయిందా? నాలుగు. నిజంగానే విషం ఎక్కిందా? ఐదు.

శోణవర్మ చెవులు ముందు ఎర్రబడ్డాయి. తరువాత ముక్కు. తరువాత నుదుటి మీద ఆవగింజంత చెమట మొలిచి, రెండోది మొలిచి, వరస కట్టాయి. కళ్ళు పెద్దవయ్యాయి.

"నీళ్ళు," అన్నాడు తామ్రగిరి ప్రభువు.

"ఏం నాయనా?"

"నీళ్ళు. బెల్లం. ఏదో ఒకటి." మంచం మీంచి ఒక్క గెంతులో కిందికి దూకి, మిరపకాయ తిన్న కోతిలా నాలుక బయట పెట్టుకుని రథం చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశాడు. పొద్దుటి నుంచి శవంలా పడుకున్న రాజు పరుగెత్తుతుంటే జనానికి నవ్వాలో మొక్కాలో తెలియలేదు. శ్రుతధరుడు చేతిలో అద్దంతో ఆయన వెనకే పరుగెత్తుతూ, "చెమట, చెమట," అంటూ ఏడ్చాడు.

ఘాటంటే ఈయనకి అంత భయమెందుకో చూద్దామని, మిగిలిన నాలుగు కాయల్నీ ఓబులక్క విసురుగా శీతలస్వామి చేతిలోని ధూపపళ్ళెంలో వేసింది.

నిప్పుల మీద మిరప పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మొదట రథం గుర్రాలు తుమ్మాయి. తరువాత రణభేరుండుడు తుమ్మాడు, ఆ తుమ్ముకి మీసాల రంగంతా రాలిపోయింది. ఆపైన జనమంతా తుమ్మారు, దగ్గారు, కళ్ళు ఒత్తుకున్నారు. ఒక్క శీతలస్వామి మాత్రం దూదిని ముక్కుకి అదిమి, ఊపిరి బిగించి, ముఖం నేరేడుపండు రంగుకి తిరుగుతున్నా నిలబడ్డాడు. ఎంతసేపు నిలుస్తాడు? ముక్కు పుటాలు అదిరాయి. కనుబొమ్మలు కలిశాయి. కొండ విరిగినట్టు ఒక్క తుమ్ము తుమ్మాడు.

కారం తగిలింది, ఆకారం పోయింది. మంత్రం పట్టు ఊపిరిలో ఉంటుంది; ఊపిరి తప్పగానే చందనపు ఛాయ పొలుసుల్లా లేచిపోయింది. తెల్లపట్టు కింద నుంచి బూడిదరంగు ఒళ్ళూ, మోకాళ్ళ దాకా పాముపొర పట్టిన కాళ్ళూ బయటపడ్డాయి.

"గరళపాదుడు," అన్నాడు శ్రుతధరుడు అద్దం జారవిడిచి. ధూమ్రకోట మాంత్రికుడు, తొమ్మిదేళ్ళ కిందట ఈ కోటలోనే నాగుల్ని వశం చేసుకోబోయి పట్టుబడి, తల గొరిగించుకుని దేశబహిష్కారం పొందినవాడు.

రణభేరుండుడు కత్తి దూశాడు. అది ఒరలోంచి పూర్తిగా రాకముందే గరళపాదుడు రాజముద్రిక ఉన్న పిడికిలి బిగించి, బిలం అంచు మీంచి లోపలికి దూకేశాడు. అడుగున పడ్డ చప్పుడు కూడా వినబడలేదు.

జనం ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. రాజుకి విషం దిగిందనొకడు, దిష్టిదండ దించిందనొకడు, ఓబులక్కకి పూనకం వచ్చిందనొకతె. ఓబులక్క రథం మీదికెక్కి రోకలి ఎత్తినంత బలంగా గొంతెత్తింది.

"గమ్మునుండి వినండి. విషం దిగలేదు, ఎక్కితే గదా దిగేది. అయ్యా, ఆ కాలి కట్టు విప్పు."

శోణవర్మ, నోట్లో బెల్లంముక్కతో, పసరు కట్టు లాగేశాడు. పిక్క మీద దువ్వెన గుచ్చినట్టు చిన్న చిన్న గాట్లు వరసగా ఉన్నాయి.

"నీరుకట్టె," అన్నాడు గుండప్ప వెంటనే. "దానికి విషముండదు. మా పిల్లోళ్ళు తోకపట్టుకుని ఆడుకుంటారు దాంతో."

"అదే. నీరుకట్టెని తెచ్చి పక్కలో వదిలాడు. గాటు ఎవరూ చూడకుండా కట్టు కట్టాడు. పథ్యమని మన నోళ్ళు కట్టాడు, దంపుడుసాలని ఊరవతల పెట్టాడు. మూలికల బండ్లని చెప్పి రంగుమిరప బస్తాలు లోపలికి తెచ్చి భాండారంలో పెట్టాడు. అయ్య నాలుక బాగానే ఉండాది, కారమే చచ్చిపోయింది. మూడు చిటికెలూ చప్పనివే. ప్రాణమున్న రాజు బిలంలో దిగితే ఆ నాగుల్ని వశం చేసుకునేందుకు బలి. దించేది వాడు కాదు, మనమే. శాసనం మనది, తాడు మనది, మూడో చిటికె నాది."

"రాజముద్ర మాటేమిటి?" అన్నాడు శోణవర్మ. "బస్తాల మీద ముద్ర ఎవరు వేశారు?"

శ్రుతధరుడు తల దించుకున్నాడు. "నేనే ప్రభూ. విప్పి చూస్తానంటే తుమ్ములొస్తాయన్నాడు. నిజమే కదా అని చూడలేదు."

జనంలో కొందరికి నవ్వొచ్చింది. ఆ మాత్రం నవ్వుకి పొద్దుటి నుంచి బిగిసిన గుండెలు కాస్త వదులయ్యాయి. రణభేరుండుడు మాత్రం నవ్వలేదు. వేళ్ళు మడుస్తూ ఏదో ఆలోచిస్తున్నాడు.

"ఓబులూ, రంగుమిరప లోపలికి వచ్చింది, సరే. భాండారంలో ఉండాల్సిన మన మిరప మూడువందల బస్తాలు. కోట తలుపులు నా అధీనంలో ఉన్నాయి. మూడు నెలల్లో ఒక్క బస్తా బయటికి పోలేదు. మరి అవేమయ్యాయి?"

జనమంతా ఓబులక్కవైపు తిరిగారు. ఆమె తల కొద్దిగా పక్కకి వంచి, ముప్ఫై ఏళ్ళు మిరప మధ్య బతికిన ముక్కుతో గాలి పీల్చింది.

నాగబిలం నల్లటి నోట్లోంచి సన్నగా, దారంలా, పొగ లేస్తోంది.

"మన మిరపే," అంది. "అడుగున పోసి పెట్టి ఇప్పుడు అంటించినాడు. బలి దొరకలా, అందుకని పొగ పెడుతుండాడు. కొంగులు, పంచెలు, ఏముంటే అవి తడిపి ముక్కులకి కట్టుకోండి. పిల్లల్ని ఎత్తుకోండి. సేనాపతిగారూ, ఏడు తలుపులూ తెరిపించండి. ఘాటు కొడితే మనమెట్లా బయటికి పరిగెత్తుతామో, బిలం లోపలుండేవాళ్ళూ అట్లాగే వస్తారు."

పొగ దారం తాడైంది, తాడు స్తంభమైంది. దాని మొదట్లో, రాతిలో చెక్కిన పడగల వరసలో, ఒక పడగ కదిలింది.